మా రోజుల్లో ఎఫ్‌5

ఎఫ్‌5 అంటే ఇప్పటి కుర్రాళ్ళకి పరీక్ష ఫలితాల పేజీ తెరుచుకోకపోతే టపటపా కొట్టే మీట. మాకు ఎఫ్‌5 అంటే పుష్ పీఎస్‌డబ్ల్యూ. 8085 ప్రాసెసర్‌లో అక్యుములేటర్‌నీ ఫ్లాగుల్నీ కలిపి స్టాక్ మీద దాచమని చెప్పే ఒక్క బైటు ఆజ్ఞ. దాని జోడీ ఎఫ్‌1, దాచినదాన్ని తిరిగి తెచ్చేది. ఎనభైల మొదట్లో నేను పనిచేసిన చిన్న కంపెనీకి అసెంబ్లర్ కొనే స్తోమత లేదు. రూళ్ళకాగితం మీద ఎడమవైపు అడ్రసు, మధ్యలో హెక్స్ కోడు, కుడివైపు అది దేనికో ఒక ముక్క. ఇంటరప్ట్ రొటీన్ మొదట్లో ఎఫ్‌5, సీ5, డీ5, ఈ5. చివర్లో ఈ1, డీ1, సీ1, ఎఫ్‌1. ఆ తర్వాత ఎఫ్‌బీ, సీ9. ఇప్పటికీ అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను. మా ఆవిడ ఫోన్ నంబరు మాత్రం చూసి చెప్పాలి.

ఈ గోల తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ప్రాసెసర్ ఒక్కటే, పనులు చాలా. ఒక పని సగంలో ఉండగా టైమర్ మోగుతుంది, లేదా ఎవడో కీ నొక్కుతాడు. చేతిలో ఉన్న పని వదిలి ఆ రెండో పని చూడాలి. చేతిలో ఉన్నవంటే రిజిస్టర్లలో ఉన్న అంకెలు. వాటిని ఎక్కడో భద్రంగా పెట్టి, వెనక్కి వచ్చాక ఉన్నవి ఉన్నట్టు అందుకోవాలి. మొదటి పనికి మధ్యలో ఎవరో వచ్చి వెళ్ళారన్న సంగతే తెలియకూడదు. టాస్కు నుంచి టాస్కుకి మారితే దీన్నే కాంటెక్స్ట్ స్విచ్ అంటారు. ఏది దాచాలి, ఎక్కడ దాచాలి, ఎంత త్వరగా దాచాలి అన్న మూడు ప్రశ్నల మీదే నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది.

8085లో దాచాల్సినది ఎనిమిది బైట్లు. ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్, పైన ఫ్లాగులు. పుష్ ఒక్కటికి 12 క్లాకులు, పాప్‌కి 10. నాలుగు పుష్‌లు, నాలుగు పాప్‌లు కలిపితే 88. 3 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 29 మైక్రోసెకన్లు. పది మిల్లీసెకన్లకోసారి వచ్చే టైమర్‌కైతే ఇది లెక్కలోది కాదు. తిరిగే షాఫ్టు మీంచి వంద మైక్రోసెకన్లకో పల్సు వస్తుంటే మాత్రం, మూడో వంతు కాలం సామాను సర్దడానికే సరిపోయేది. అందుకని రొటీన్‌లో ఏ రిజిస్టర్ ముట్టుకుంటామో దాన్నే దాచేవాళ్ళం. ముట్టుకోనిదాన్ని దాస్తే మా సీనియర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "నీ సొమ్మేం పోయింది, క్లాకులు కంపెనీవిగా!" అనేవాడు. ఆయన అంతకుముందు ఈసీఐఎల్ వాళ్ళ టీడీసీ-316 మీద పనిచేసి వచ్చినవాడు. ఆయన దృష్టిలో మేం అప్పటికే చెడిపోయిన తరం.

పక్క బల్ల మీద జెడ్80 వాడే మిత్రుడొకడు ఉండేవాడు. వాడి గర్వం చూడాలి. జెడ్80 లోపల రిజిస్టర్లు రెండు జతలు. ఒక్క ఆజ్ఞతో బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ మొత్తం రెండో జతతో మారిపోతాయి, ఇంకో ఆజ్ఞతో ఏ, ఫ్లాగులు. ఒక్కోదానికి నాలుగే క్లాకులు. 4 మెగాహెర్ట్జ్ చిప్పులో రెండూ కలిపి రెండు మైక్రోసెకన్లు. మెమరీ గడప తొక్కేదే లేదు. నేను స్టాక్ మీద మూటలు మోస్తుంటే వాడు చొక్కా మార్చుకున్నంత సులువుగా వెళ్ళొచ్చేవాడు. కానీ ఉన్నది రెండో జత ఒక్కటే. మొదటి ఇంటరప్ట్ రొటీన్ నడుస్తుండగా రెండోది లోపలికి వచ్చి మళ్ళీ జత మార్చిందా, అసలు ప్రోగ్రాం దాచుకున్నది కాస్తా గల్లంతు. అలాంటిదొకటి జరిగాక వాడు కూడా పుష్‌లే రాయడం మొదలుపెట్టాడు. నేనేమీ అనలేదు. అంటే అన్నానులెండి, కొంచెం.

ఇక నా ఘనకార్యం కూడా చెప్పాలి. లేకపోతే న్యాయం కాదు.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుకి లారీల కాటా చేశాం. ధాన్యం లారీ ఎక్కుతుంది, బరువు తెర మీద కనపడుతుంది, బటన్ నొక్కితే ప్రింటర్ చీటీ కొడుతుంది. ప్రోగ్రాం మొత్తం ఒక్క 2716 ఈప్రామ్‌లో ఇమడాలి. అంటే 2048 బైట్లు. చివరికి రెండు బైట్లు ఎక్కువొచ్చాయి. రెండంటే రెండు. రెండో ఈప్రామ్ పెడదామంటే బోర్డు మీద సాకెట్ లేదు. రాత్రి పదింటికి కాగితాలన్నీ నేల మీద పరిచి వెతికాను. టైమర్ రొటీన్ కంటపడింది. అది చేసేది ఒక్కటే పని, మెమరీలో ఉన్న ఒక లెక్కని ఒకటి పెంచడం. హెచ్ఎల్ జతని దాచి, అందులో అడ్రసు నింపి, ఐఎన్ఆర్ ఎం అని పెంచి, హెచ్ఎల్‌ని తిరిగి తెచ్చి, రిటర్న్. అక్యుములేటర్ జోలికే పోవడం లేదు. మరి ఎఫ్‌5, ఎఫ్‌1 ఎందుకు? కొట్టేశాను. సరిగ్గా రెండు బైట్లు. నా తెలివికి నేనే మురిసి, ఈప్రామ్ కాల్చి, కిటికీ మీద స్టిక్కర్ అంటించి పంపించాను.

వారానికి మిల్లు నుంచి కబురు. చీటీ మీద ఆరంకెల బరువు పడాల్సిన చోట అంకెల తర్వాత పిచ్చి గుర్తులు తోరణంలా వస్తున్నాయట. మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి. మేం వెళ్ళి నిలబడితే రాదు, బస్సెక్కగానే వస్తుంది. కరెంటు అన్నాం, ఎర్తింగ్ అన్నాం, ప్రింటర్ కేబుల్ మార్చాం. మిల్లు మునీమైతే కాటాకి నిమ్మకాయలు కట్టాడు. పదకొండు రోజులు నాకు నిద్ర లేదు.

చివరికి ఒక చీటీ ముందు పెట్టుకుని గుర్తులు లెక్కపెట్టాను. అదనంగా పడినవి సరిగ్గా 256. అప్పుడు వెలిగింది. ప్రింటు లూపులో ఒక్కో అంకె కొట్టాక, ఆరు అయ్యాయా అని పోల్చి, సమానమైతే బయటికి దూకాలి. పోల్చడానికీ దూకడానికీ మధ్య సందు కొన్ని క్లాకులే. ఆరో అంకె దగ్గర, ఆ సందులోనే టైమర్ ఇంటరప్ట్ వస్తే, ఐఎన్ఆర్ ఎం అక్యుములేటర్‌ని ముట్టదు గానీ జీరో ఫ్లాగుని చెరిపేస్తుంది. క్యారీ తప్ప మిగతా ఫ్లాగులన్నీ మార్చేస్తుంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు 8085 తనంతట తాను దాచేది వెనక్కి రావాల్సిన అడ్రసు ఒక్కటే, ఫ్లాగుల్ని దాచదు. 'ఆరు అయ్యాయి' అన్న జవాబు 'కాలేదు' అయిపోయింది. ఎనిమిది బిట్ల లెక్క 255 దాటి సున్నాకొచ్చి మళ్ళీ ఆరుకి చేరేదాకా ప్రింటర్ కొట్టుకుంటూనే పోయింది. ఎఫ్‌5, ఎఫ్‌1 తిరిగి పెట్టి, స్వాగత సందేశంలో రెండక్షరాలు తగ్గించాను. నిమ్మకాయలు ఇంకో నెల అలాగే వేలాడాయి. ఖ్యాతి వాటికే దక్కింది.

ఇప్పటి సంగతికొద్దాం. ఇవాళ్టి పెద్ద సర్వర్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్-512 అని ఒక హంగు ఉంది. 32 రిజిస్టర్లు, ఒక్కోటి 64 బైట్లు. గుణించండి. 2048. నా కాటా ప్రోగ్రాం మొత్తం, బరువు తూచడం, చూపడం, చీటీ కొట్టడం అన్నీ కలిపి ఎంతో, ఇవాళ ఒక టాస్కు చేతిసంచీలో ఆ రిజిస్టర్లే అంత. కొత్తవాటిలో మాట్రిక్స్ లెక్కలకని ఏఎంఎక్స్ పలకలు చేర్చారు, అవి విడిగా ఇంకో 8192 బైట్లు. అవి వాడుకునే టాస్కు మారినప్పుడల్లా ఈ మూటలన్నీ దించి, ఇంకొకడి మూటలు ఎత్తాలి. ఎనిమిది బైట్ల దగ్గర రెండు బైట్ల కోసం పదకొండు రోజులు నిద్రమానిన వాడికి ఇది చూస్తే కడుపు మండదా?

రిజిస్టర్లు ఎక్కువైతే సుఖమనుకోవడం ఇవాళ్టి భ్రమ కాదు. 1987లో సన్ వాళ్ళు స్పార్క్ తెచ్చినప్పుడూ ఇదే. ఎనిమిది విండోలున్న చిప్పులో మొత్తం 136 రిజిస్టర్లు. ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కి వెళ్ళినప్పుడు విండో జరిగితే చాలు, దాచే పనే లేదు, గాలిలో తేలినట్టుండేది. టాస్కు మారాల్సి వచ్చేసరికి మాత్రం వాడుకలో ఉన్న విండోలన్నీ మెమరీలోకి దించాలి. ఇల్లు పెద్దదైతే ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇలాంటి పనే చేస్తున్నాడు. పండక్కి వచ్చి నా గొడవంతా విని నవ్వాడు. "మావయ్యా, ఇప్పుడా పుష్‌లూ పాప్‌లూ ఎవరు రాస్తున్నారు? హార్డ్‌వేరే చూసుకుంటుంది. కార్టెక్స్-ఎం చిప్పులో ఇంటరప్ట్ రాగానే ఎనిమిది రిజిస్టర్లు అదే స్టాక్ మీద పెట్టేస్తుంది. పన్నెండు సైకిళ్ళు, అంతే."

ఫ్లాగులు కూడానా అని అడిగాను. ఫ్లాగులు కూడానట. ఆ మాటకి నాకు కాస్త కుళ్ళు పుట్టిందని ఒప్పుకుంటాను. కానీ మేనల్లుడి ముందు తగ్గకూడదు కదా.

"ఒరేయ్, హార్డ్‌వేరే చూసుకుంటుందని మాకు 1985లోనే చెప్పారు," అన్నాను. నిజమే. ఇంటెల్ 386లో ఒక్క జంప్ ఆజ్ఞ ఇస్తే చాలు, ప్రాసెసరే పాత టాస్కు రిజిస్టర్లన్నీ 104 బైట్ల పట్టీలో రాసేసి, కొత్త టాస్కువి నింపుకునేది. మాన్యువల్లో చదివి మురిసిపోయాం. తీరా లెక్క చూస్తే ఆ ఒక్క ఆజ్ఞకి మూడొందల క్లాకుల దరిదాపు. అవసరమున్నవీ లేనివీ అన్నీ మోస్తుంది, ప్రతిదాన్నీ పదిసార్లు తనిఖీ చేస్తుంది, సర్కారు ఆఫీసులో ఫైలు కదిలినట్టు. లినక్స్ మొదట్లో దాన్నే వాడింది. 2001లో వచ్చిన 2.4 నాటికి వదిలేసి, చేత్తో రాసుకున్న కోడుకే వచ్చింది. 64 బిట్లకి మారేటప్పుడు ఆ సదుపాయాన్నే తీసి పారేశారు.

"మరి లినక్స్ ఇప్పుడు ఎన్ని దాస్తుందో తెలుసా?" అని వాడే ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. ఇంటెల్ 64 బిట్ల మీద కెర్నల్ ఒక టాస్కు నుంచి ఇంకో టాస్కుకి మారే చోట చూస్తే పుష్‌లు ఆరే. ఆర్‌బీపీ, ఆర్‌బీఎక్స్, ఆర్12 నుంచి ఆర్15. అంతే. పదహారు మామూలు రిజిస్టర్లలో ఆరు దాచి, స్టాక్ పాయింటర్ మార్చేస్తారు. నా కళ్ళు నేనే నమ్మలేదు. ఎవరో మా కాలం వాడు ఇంకా అక్కడ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడనిపించింది.

ఆరే ఎలా సరిపోతాయో అష్టావధానం చూసినవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. అవధాని సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, దత్తపదికి వెళ్ళి అక్కడొక పాదం చెప్పి, వర్ణనకి వెళతాడు. మారేది పాదం పూర్తయ్యాకే. అప్పటికి గణాలు కుదిరాయి, యతి పడింది, లోపల వేసుకున్న లెక్కలతో ఇక పని లేదు. మనసులో పెట్టుకోవాల్సింది కొంచెమే. కెర్నల్‌లో టాస్కు మారడం కూడా ఒక ఫంక్షన్‌ని పిలవడం ద్వారానే జరుగుతుంది. ఫంక్షన్‌ని పిలిచే ముందు, తనకి మళ్ళీ కావాల్సిన తాత్కాలిక అంకెలన్నీ కంపైలర్ అప్పటికే సర్దేసి ఉంటుంది, అది ఒప్పందం. పిలిపించుకున్నవాడు కాపాడాల్సినవి ఆ ఆరు. అప్రస్తుత ప్రసంగి సంగతి వేరు. పాదం మధ్యలో, గణం మధ్యలో, ఊపిరి మధ్యలో దూరి "అవధానిగారూ, ఇవాళ ఇంట్లో ఏం కూర?" అంటాడు. అదీ ఇంటరప్ట్. అప్పుడు మాత్రం ఉన్నవన్నీ దాచాల్సిందే. నా కాటా విషయంలో నేను అప్రస్తుత ప్రసంగిని పట్టుకుని దత్తపది పృచ్ఛకుడనుకున్నాను.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు, అదీ రాయాలి. రిజిస్టర్లు దాచడం ఇవాళ అసలు ఖర్చే కాదట. కొత్త టాస్కు వచ్చాక క్యాష్‌లో వాడికి కావాల్సింది ఉండదు, మళ్ళీ మెమరీ దాకా పరిగెత్తాలి, ఆ నష్టం ముందు ఈ పుష్‌లు ఏపాటి అని. నిజమే. మాకు క్యాష్ లేదు కాబట్టి ఆ బాధా లేదు.

కానీ నన్ను నిజంగా కలవరపెట్టింది ఇంకోటి. మా తరం అన్నిటికంటే గర్వపడిన ఉపాయం బద్ధకం. దశాంశ లెక్కలకి వేరే కోప్రాసెసర్ ఉండేది. 387 స్థితి దాచాలంటే 108 బైట్లు, అక్షరాలా అష్టోత్తరం. టాస్కు మారినప్పుడల్లా అష్టోత్తరం చదవడమెందుకు? చాలా టాస్కులు దశాంశాల జోలికే పోవు కదా. అందుకని 286 కాలం నుంచీ ప్రాసెసర్‌లో 'టాస్కు మారింది' అని చెప్పే ఒక బిట్టు ఉంది. టాస్కు మారినప్పుడు ఆ బిట్టు పెట్టి ఊరుకోవడమే. పాతవాడి అంకెలు కోప్రాసెసర్‌లోనే ఉంటాయి. కొత్తవాడు దశాంశ లెక్క మొదలుపెట్టగానే ప్రాసెసర్ ఆగి కెర్నల్‌ని పిలుస్తుంది. అప్పుడు దాచి, అప్పుడు నింపాలి. ఎవరూ అడక్కపోతే ఏ పనీ లేదు. ఎంత అందమైన పొదుపు!

2018 జూన్‌లో ఆ అందం వీధిన పడింది. ఇంటెల్ ప్రాసెసర్లు ముందుచూపుతో, అనుమతి ఉందో లేదో తేలకముందే ఆజ్ఞల్ని నడిపించి చూస్తాయి. అలా నడిపినప్పుడు కొత్త టాస్కు పాతవాడి రిజిస్టర్లని తొంగి చూడగలదని తేలింది. ఆ రిజిస్టర్లలో ఇప్పుడు దశాంశాలొక్కటే కాదు, రహస్య లిపి తాళాలు కూడా ఉంటున్నాయి. పొదుపు కోసం గదిలోనే వదిలేసిన సామాను పక్కవాడి కంటపడిందన్నమాట. లినక్స్ వాళ్ళు అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, బద్ధకం మానేశారు. వాళ్ళ కారణం భద్రతే కాదు. ఇప్పుడు మామూలు ప్రోగ్రాములు కూడా ఆ పెద్ద రిజిస్టర్లు వాడేస్తున్నాయి. ఆపి అడగడానికయ్యే ఖర్చు, అడక్కుండా దాచడానికయ్యే ఖర్చుని మించిపోయింది. పైగా ఎక్స్‌సేవ్ఆప్ట్ అని ఒక ఆజ్ఞ వచ్చింది. కిందటిసారి నింపినప్పటి నుంచి మారని భాగాన్ని అది రాయకుండా వదిలేయగలదు. రిస్క్-ఫైవ్‌లోనైతే రెండు బిట్లు పెట్టి మరీ చెబుతున్నారు, ఈ రిజిస్టర్లు మూసి ఉన్నాయా, కొత్తవా, శుభ్రంగా ఉన్నాయా, మాసాయా అని. మద్రాస్ ఐఐటీ వాళ్ళ శక్తి ప్రాసెసర్లు ఆ కుటుంబానివే. మాసినవే ఉతకాలి. మా సీనియర్ ఉంటే ఆ రెండు బిట్లకి దండం పెట్టేవాడు.

మొన్న మాఘమాసంలో ఒక రాత్రి మేనల్లుడు ఫోన్ చేశాడు. గొంతులో పండగనాటి ధీమా లేదు. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీకి వాళ్ళొక పరికరం పెట్టారట. ఆరు డిగ్రీలు చూపించాల్సింది రెండు మూడు రోజులకోసారి తొమ్మిదొందలంటోందట. సెన్సరు మార్చారు, కేబుల్ మార్చారు, ఎర్తింగ్ చూశారు.

"నిమ్మకాయలు కట్టారా?" అన్నాను.

"మావయ్యా, జోకులొద్దు."

"ఎప్పటినుంచి?"

"పోయిన నెల తేమ కొలిచే టాస్కు కొత్తగా పెట్టాం. అప్పటినుంచి."

"అంతకుముందు దశాంశాల లెక్కలు ఎన్ని టాస్కుల్లో ఉండేవి?"

అటువైపు నిశ్శబ్దం. "ఒక్కదాంట్లోనే."

"ఇప్పుడు రెండు. టాస్కు మారేటప్పుడు మీ కోడు దశాంశాల రిజిస్టర్లు దాస్తోందా?"

"అవి హార్డ్‌వేరే..." అని ఆగిపోయాడు. కార్టెక్స్-ఎం4లో ఆ రిజిస్టర్లు 32. ఇంటరప్ట్ వచ్చినప్పుడు హార్డ్‌వేర్ బాధ్యత తీసుకునేది మొదటి పదహారింటికే. ఎస్16 నుంచి ఎస్31 దాకా ప్రోగ్రామర్ దాచుకోవాలి. వీళ్ళు దశాంశాల యూనిట్ లేని ఎం3 చిప్పుకి రాసిన పాత కోడు తెచ్చి అతికించారు. ఒక్క టాస్కే ఆ రిజిస్టర్లు వాడినంత కాలం వాటిని చెరిపేవాడు లేడు కాబట్టి ఏమీ కాలేదు. రెండోవాడు వచ్చాడు, తేమ లెక్క ఉష్ణోగ్రతలో కలిసింది.

రాత్రి పన్నెండున్నరకి మెసేజ్ పెట్టాడు, ఆరు లైన్లు చేర్చానని. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఇప్పటికి మూడు వారాలైంది, మిర్చి ఆరు డిగ్రీల దగ్గరే ఉందట. ఆ సంగతి కూడా మా చెల్లెలు చెబితే తెలిసింది. మా రోజుల్లో అయితే బస్సెక్కి వచ్చి, అరకిలో పూతరేకులు చేతిలో పెట్టి చెప్పేవాళ్ళం.